న్యూట్రల్ వద్దన్న కారు

పెట్రోలు నెలకోసారి క్యానుతో పంచే రోజులవి. నా హైబ్రిడ్ కారులో అదీ అయిపోయింది, బ్యాటరీ అడుగంటింది. వెనక సీట్లో కూతురు మంగవేణికి పురిటినొప్పులు. ఆసుపత్రేమో పాడేరు ఘాట్ దిగాక, చోడవరంలో.

దిగుడు రాగానే అలవాటుగా న్యూట్రల్ చేశాను. మా తరం డ్రైవర్లు పెట్రోలు మిగిల్చింది అలాగే.

“బాబాయ్, గేర్లో ఎట్టు. దిగుడులోనే నాకు కూడు దొరికేది,” అంది కారు.

“నువ్వేటే నాకు నేర్పేది?”

“నానా, నీ పంతం తగలెయ్య! దాని మాటిను,” అని మంగవేణి అరిచింది.

గేరు వేశాను. దిగుడులో తిరిగే చక్రాలే కరెంటు పుట్టించి, వంపు వంపుకీ బ్యాటరీ నింపాయి. కింద చదునులో చుక్క పెట్రోలు లేకుండా ఆసుపత్రి గుమ్మం దాకా మోసుకెళ్లింది.

కూతుర్ని లోపలికి తీసుకెళ్లారు. నమ్ముకున్న మనుషులంతా నన్ను సగం దారిలోనే దింపేశారు, ఇది దింపలేదు. బానెట్ నిమురుతూ చాలాసేపు నిలబడిపోయాను.

“నన్నొగ్గేయ్ బాబాయ్,” అంది కారు. “లోపల మనవడో మనవరాలో ఏడుస్తంది, ఎల్లు.”