సూదుల దవాఖాన ముందు

మొయినాబాద్ మలుపులో కుక్క అడ్డమొచ్చి రాఘవేందర్ బండి మీంచి పడ్డాడు.

తల వెనక బొప్పి కట్టింది. నెత్తురు రాలేదు. లేచి, చొక్కా దులుపుకొని, తనే బండి నడుపుకుంటూ చేవెళ్ళలోని ఇంటికి వచ్చాడు.

“ఏం కాలే. నువ్వు ఫికర్ చెయ్యకు,” అన్నాడు భార్య స్వప్నికతో.

వారం తిరిగినా తలనొప్పి తగ్గలేదు. పొద్దున లేస్తూనే వాంతి. దుకాణంలో గిరాకీతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీస్తున్నాడు.

“పట్నం పోయి స్కాన్ తీపిద్దాం మామయ్యా,” అంది స్వప్నిక.

మామ పాండురంగం ఒప్పుకోలేదు. ఆయన మోకాళ్ళ నొప్పి మొయినాబాద్‌లో చైనా వైద్యం చేసే రత్నాకర్ దగ్గరే తగ్గింది. అప్పటి నుంచి ఆ డాక్టరంటే ఆయనకు దేవుడే.

“పట్నం పోతే భయపెట్టి తల కోస్తరు బిడ్డా. మన సూదుల డాక్టర్ ఉన్నడు గదా, పా.”

రత్నాకర్ నెమ్మదస్తుడు. మూడు వేళ్ళు ఆనించి రెండు చేతుల నాడీ చాలాసేపు చూశాడు. నాలుక చాపమన్నాడు.

“నాలుక అంచులు ఊదారంగు తిరిగినయి. నాడి తీగ లెక్క బిగిసింది. దెబ్బ తాకిన కాడ నెత్తురు నిలిచిపోయింది. దాన్ని కదిలిస్తే నొప్పి పోతది.”

తల మీద, చేతుల మీద, పాదాల మీద వెంట్రుకల్లాంటి సూదులు గుచ్చాడు. కుసుమ పూలు వేసి కాచిన కషాయం తాగించాడు.

ఆ సాయంత్రం రాఘవేందర్ కడుపునిండా తిన్నాడు. చూశావా అన్నట్టు పాండురంగం కోడలి వైపు చూశాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు దవాఖాన గేటు దగ్గర ఒక ముసలమ్మ కనిపించింది. తెల్ల చీర, మెడలో చిన్న సిలువ. కారు దిగుతూ తూలిన రాఘవేందర్‌ను చూసి, గబగబా వచ్చి స్వప్నిక చెయ్యి పట్టుకుంది.

“తలకు దెబ్బ తాకిందా బిడ్డా?”

“అవునవ్వా.”

“వాంతులైతున్నయా? ఎప్పుడు చూసినా నిద్రేనా?”

స్వప్నిక ఆమె వైపు తిరిగింది. “నీకెట్ల తెలుసవ్వా?”

“మోకాళ్ళకు, నడుముకు ఈ సూదులు మంచిగనే పనిచేస్తయి. తలకు దెబ్బంటే గట్ల కాదు. లోపల నెత్తురు కారుతుంటది, పైకి కనపడది. ఇప్పుడే పెద్ద దవాఖానకు తీస్కపో. మా ఇంటాయన గిట్లనే నిద్రల పోయిండు బిడ్డా.”

పాండురంగానికి కోపం నషాళానికి అంటింది.

“ఎవరు నువ్వు? ఏ దవాఖానోళ్ళు పంపిన్రు నిన్ను? గిరాకీని గుంజుకపోనీకి గేటు కాడ నిలబడ్డవా?”

ముసలమ్మ ఆయన వైపు చూడనైనా లేదు. స్వప్నిక చెయ్యి వదలలేదు.

“దండం పెడుత బిడ్డా. లోపలికి తీస్కపోకు.”

ఆ అలికిడికి రత్నాకర్ బయటికి వచ్చాడు. ముసలమ్మను చూడగానే అతని ముఖం పాలిపోయింది.

“ఆమెకు మతి సరిగ లేదు. మీరు లోపలికి రండి,” అన్నాడు నేల చూస్తూ.

స్వప్నిక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మామ అప్పటికే కొడుకు భుజం పట్టుకొని మెట్లెక్కుతున్నాడు. ఆమె మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది.

మరుసటి పొద్దున లేపితే రాఘవేందర్ లేవలేదు.

పట్నంలో తల తెరిచి నెత్తురు గడ్డ తీశారు.

“నెత్తురు ఇన్ని రోజులూ మెల్లమెల్లగా కారుతూనే ఉందమ్మా. నిన్న తెచ్చినా ఇంతదాకా వచ్చేది కాదు,” అన్నాడు సర్జన్.

రాఘవేందర్ బతికాడు. కాని కుడి చెయ్యి లేవదు. మాట రాదు. కూతురు సంతోషి “నాయినా” అని పిలిస్తే తల తిప్పి చూస్తాడు. పెదాలు కదులుతాయి. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పాండురంగం దుకాణానికి పోవడం మానేసి, పొద్దస్తమానం కొడుకు పక్కన కూర్చొని, పడిపోయిన ఆ చేతిని పిసుకుతూ ఉంటాడు. కోడలి ముఖం చూడడు.

వానలు తగ్గాక స్వప్నిక ఒక్కతే బస్సెక్కి మొయినాబాద్ వెళ్ళింది. ఆ ముసలమ్మ కాళ్ళ మీద పడాలనుకుంది.

గేటు దగ్గర ఎవరూ లేరు. ఎదురుగా చాయ్ హోటల్ యాదయ్యను అడిగింది.

“సరోజమ్మనా? ఆమె లేదమ్మా. ఇక్కడుండనియ్యక ఆలూరుకు తోలిన్రు. పోయిన నెల ఆడనే పాణమిడిసింది.”

స్వప్నిక బెంచీ మీద కూలబడింది.

“నా చెయ్యి పట్టుకొని బతిమాలింది. ఆమె మాట వినుంటే మా ఆయన మంచిగుంటుండె. ముక్కు మొహం తెలియని మాకోసం ఎందుకు మాటలు పడ్డదన్నా?”

“అందరికి చెప్పకపోతుండె. మోకాళ్ళ నొప్పోళ్ళను తనే చెయ్యి పట్టి లోపలికి తోలుతుండె. తలకు దెబ్బ తాకినోళ్ళు వస్తెనే అడ్డం పడుతుండె.”

“అసలు ఆమె ఎవరు, అన్నా?”

యాదయ్య దవాఖాన వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“ఆమె పెనిమిటి నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తాకితే, సూదులు పెట్టింది ఆమె కన్నకొడుకేనమ్మా, ఈ డాక్టర్ సాబే.”