బావులు తవ్వేవాడి ధైర్యం

ఎమ్మారై గొట్టాన్ని చూసి మా అమ్మాయి బల్ల ఎక్కనంది. కిందటిసారి కదిలిపోతే తలలోని గడ్డ ఫొటోలో సరిగా పడలేదు. ఈసారీ పడకపోతే ఆపరేషన్ ఆగిపోతుంది.

"ఇంతేనా! బావులు తవ్వేవాణ్ణి, నన్ను చూడు" అని నేనే ముందు పడుకున్నాను.

తల లోపలికి వెళ్లిందో లేదో, "బాబోయ్, తీయండి!" అని కేకలు పెట్టాను. పిలవడానికి చేతికిచ్చిన రబ్బరు బంతిని పిసికి పిప్పి చేశాను.

అమ్మాయి పగలబడి నవ్వింది. "లే నాన్నా, నీవల్ల కాదుగానీ" అంటూ ఎక్కి, బొమ్మలా పడుకుంది. ఫొటోలు అద్దంలా వచ్చాయి.

స్కానింగ్ చేసేవాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "భలే నటించారండీ! బయట ఇంకో పాప ఏడుస్తోంది. మళ్లీ ఒక్కసారి వేస్తారా ఆ వేషం?"

అది వేషం కాదని అతనికి తెలీదు. "ముందు కాసిన్ని మంచినీళ్లు ఇప్పించండి" అంటూ చెప్పులు విప్పాను.