ప్రయాణానికి ముందు పస్తు

“ఆ సంచి మూతి కట్టకు. ముందు సెప్పు, ఈటికి ఏటెట్టినావు?”

దాలమ్మ గొంతుకు గౌరి చేతిలోని రబ్బరు బ్యాండు జారిపడింది. నౌపడకు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఆ రేకుల షెడ్డులో అప్పటికే పది సంచులు కట్టి ఉన్నాయి. పదకొండోది గౌరి చేతిలో ఉంది. ఒక్కో సంచిలో ఒక వంతు ఉప్పునీరు, రెండు వంతులు ఆక్సిజన్, ఒక పసుపు చారల సీతాకోక చేప. మధ్యాహ్నం విశాఖలో విమానమెక్కి, దారిలో ఇంకొకటి మారి, మర్నాటికి అవి ఒక మహానగరపు ఆక్వేరియం చేరాలి.

“రొయ్య ముక్కలమ్మా,” అంది గౌరి. పనిలో చేరి ఐదు రోజులైన పిల్ల. దాలమ్మ పేరు వినడమే గాని మనిషిని చూడడం అదే మొదలు. “దూరమెల్తన్నాయి గదా. ఉత్త కడుపుతో ఎవుల్నైనా అంపుతామేటి?”

దాలమ్మకు కోపం రాలేదు. పొరుగింటి మనిషి బస్సెక్కుతున్నా ఇంత చద్దన్నం తినిపించి గాని గడప దాటనివ్వని ఇళ్లు ఇక్కడివి. కాని సంచిలోని చేపకు ఆ దయే విషం. తిన్నది ఆ కాసిని నీళ్లలోనే వదులుతుంది, ఆ నీళ్లనే పీలుస్తుంది. అందుకే రెండు రోజుల పస్తు. తొమ్మిదేళ్లలో ఎన్ని ప్రాణాలను అలా ఆకలితో ఉంచిందో! అది క్రూరత్వమా అని తనను తాను అడగకుండా ఒక్క సంచీ కట్టలేదు.

మేనేజరు ధనరాజు వ్యాను దగ్గర నుంచి విసవిసా వచ్చాడు. “నువ్వేటిక్కడ, దాలమ్మా?”

“ఈయాల అంపకు బాబూ. మేత తిన్నాయి.”

“బుకింగైపోనాది. పెట్టెలెక్కించాల. తప్పుకో.”

“దార్లోనే సస్తాయి.”

“సూసుకోడానికి నానున్నాను. నీకేటి పట్టింది?”

“పట్టబట్టే సెప్తన్నాను.”

“నిన్నడిగినోలెవులు? ఇంటికెల్లు.”

“ఎల్తాను. ఇయి తొట్లోకెల్లినాక.”

ఆమె కత్తెర అందుకుని మొదటి సంచి మూతి కోసింది. ఆక్సిజన్ బుస్సుమంది. ధనరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

“వాచ్‌మన్ని పిలవమన్నావా?”

“పిలు. గేటు తీసినోడు ఆడే.”

ఇంకో సంచి ఎత్తి గుమ్మంలోని వెలుగుకు ఎదురుగా పట్టుకుంది. “కట్టి అరగంట కాలేదు. సూడు.”

అద్దంలా ఉండవలసిన నీళ్లు అప్పుడే గంజి తేటలా ఉన్నాయి. సన్నటి పోగులు తేలుతున్నాయి. వాటి మధ్య చేప మొప్పలు రొప్పుతున్నట్టు ఆడుతున్నాయి.

“ఇంకా ఇరవై గంటలున్నాది బాబూ. నీ ముక్కు ఇందులో ఎట్టుకుని ఒక్క గంట ఉండు, నానే పెట్టెలు మోస్తాను.”

గౌరికి నవ్వు వచ్చి, చెంగు అడ్డం పెట్టుకుంది. ధనరాజు నవ్వలేదు. ఆ సంచి అందుకుని తనూ వెలుగుకు పట్టి చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి అటు తిరిగాడు. “సార్, బుకింగు మూడు రోజులు వాయిదా ఎయ్యండి... నేదు సార్, సేపలు తయారుగా నేవు.”

ఒక్కొక్క సంచినీ తొట్టిలో తేలవేసి, తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ, పదకొండు చేపలనూ వదిలేసరికి గంటన్నర పట్టింది.

“నా పని పోతాదేటమ్మా?” అని మెల్లగా అడిగింది గౌరి.

“పోతే పోనీ. సేప పోకూడదు.” దాలమ్మ చేతులు కడుక్కుంది. “కట్టేదాకా ఏటీ ఎట్టకు. అయి నీకేసే సూస్తాయి. అయినా ఎట్టకు.”

గుమ్మం దాటుతుంటే వెనుక నుంచి గౌరి కేకేసింది. “అమ్మా, హాజరు పుస్తకంలో సంతకం ఎట్టనేదు!”

దాలమ్మ ఆగలేదు.

ఆమెను పనిలోంచి తీసేసి అది ఆరో రోజు.