డాబా పావురం వయసు

"ఈ డాబా పావురాన్ని ఇవాళే గ్రూపులోంచి తీసేస్తున్నాను. ఎవరూ అడ్డు రావొద్దు!"

అలెగ్జాండ్రియాలోని మన్షియ్యా బజారులో, కుట్టుమిషన్లు బాగుచేసే తన కొట్లో కూర్చుని బహ్‌గత్ ఫోన్లో ఆ మాట రాసి పడేశాడు. సిగరెట్టు వదిలించుకోవడానికి, ఆవిరి పీల్చే వేప్ గొట్టం పట్టిన నాలుగు వందల మంది ఉన్న గ్రూపు అది. దానికి పెద్దమనిషి అతనే. కొత్తగా చేరినవాళ్ళకి మర్యాదగా స్వాగతం చెబుతాడు, ఓపిగ్గా అన్నీ నేర్పుతాడు. ఒక్క విషయంలో మాత్రం రాయి. ఇరవై ఒకటి నిండనివాళ్ళకి అక్కడ చోటు లేదు.

డాబా పావురం అన్న పేరుతో చేరినవాడు వచ్చి పది రోజులైంది.

"పాపం, పది రోజులుగా సిగరెట్టు ముట్టలేదట అన్నా. ఇప్పుడు గెంటేస్తే నేరుగా వెళ్ళి పెట్టె కొనుక్కుంటాడు" అని నజ్లా రాసింది. ఆమె సీదీ గాబర్‌లో మందుల షాపులో పనిచేస్తుంది. గ్రూపులో బహ్‌గత్‌కి కుడిభుజం.

"వాడి రాతలు చూశావా నజ్లా? 'అమ్మ చూస్తే చెప్పు తెగేదాకా కొడుతుంది' అంటాడు. 'అమ్మ చేపల బజారుకెళ్ళింది, గబగబా చెప్పండి' అంటాడు. టైపు చేస్తే పదానికో తప్పు. వయసెంతరా అంటే, 'సిగ్గేస్తోంది అన్నా, అడగొద్దు' అన్నాడు. ఇంకేం కావాలి?"

"పాలపళ్ళు ఊడాయో లేదో కనుక్కోండి" అన్నాడు టాక్సీ నడిపే షిహాతా. నలభై మంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు.

సరిగ్గా అప్పుడే పావురం వాలింది.

"అన్నలూ, అక్కలూ, నా పని అయిపోయింది. వేప్‌లో కొత్త కాయిల్ వేశాను. గోనెసంచి తగలబెట్టిన వాసన వస్తోంది. దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళు. ఇంతకంటే సిగరెట్టే నయం. కింద కొట్టు తెరిచే ఉంది. వెళ్తున్నా."

"ఆగు! ఒక్క మెట్టు కూడా దిగకు" అని నజ్లా ఆఘమేఘాల మీద రాసింది. "కాయిల్ వేశాక లోపలి దూది తడిసేదాకా ఆగావా?"

"ఆగాలా?"

"ఆగకుండా పీలిస్తే ఎండు దూదే కాలుతుంది. అది పారేసి ఇంకోటి వెయ్. లిక్విడ్ పోసి పది నిమిషాలు పక్కన పెట్టు."

బహ్‌గత్ పళ్ళు కొరుక్కున్నాడు. వీణ్ణి తీసెయ్యాలి. వేలు ఆ మీట మీదికి వెళ్ళింది కూడా. కానీ అతను పదేళ్ళు సిగరెట్టుతో కుస్తీ పట్టినవాడు. ఆ మెట్లు దిగడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. చెయ్యి ఊరుకోలేదు.

"పది కాదు, పదిహేను. నిండా పొయ్యకు, కారుతుంది. మొదటి దమ్ము చిన్నగా లాగు. ఇదయ్యాక నీ సంగతి చెబుతా."

పదిహేను నిమిషాలు గ్రూపంతా కాచుకుని ఉంది. ఒక టైలరు తన మిషను కోసం వచ్చి గల్లా ముందు నిలబడితే, బహ్‌గత్ "కూర్చో అన్నా, ఇక్కడొకడి ప్రాణం మీదికొచ్చింది" అని ఫోను వైపే చూస్తూ ఉండిపోయాడు. టైలరు కంగారుగా కూర్చుని తనూ ప్రార్థన మొదలుపెట్టాడు.

"వచ్చింది!" అని పావురం రాసింది. "పుదీనా! అచ్చం పుదీనా! అల్లా మీ చేతులు చల్లగా ఉంచాలి. నేను కొట్టుకి వెళ్ళను."

గ్రూపులో పండగ. ఎవరో చప్పట్లు, ఎవరో పూలు. షిహాతా అయితే పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు వేసే జగ్రూదా కేక రికార్డు చేసి పెట్టాడు, మగాడి గొంతుతో. బహ్‌గత్‌కి కూడా నవ్వొచ్చింది.

మరుక్షణం ఇంకో సందేశం. "చచ్చాను. అమ్మ మెట్లెక్కుతోంది. నేను లేను."

బహ్‌గత్ నవ్వు ఆగిపోయింది. వీడు ఎవరి బిడ్డో. తన ఇంట్లోనూ పదమూడేళ్ళవాడున్నాడు. రేపు వాడికి ఎవరో పరాయివాళ్ళు ఇలాగే నేర్పితే? ఇక లాభం లేదని ఆ నంబరుకి ఫోన్ కొట్టాడు.

"ఎవరు?" ఒక ఆడగొంతు, కరుకుగా.

"అమ్మా, మీరు..."

"ఫిక్రీ తల్లిని. వాడు ఫోను పిట్టగోడ మీద పారేసి, పావురాలకి గింజలు తెస్తానని నన్ను తోసుకుంటూ కిందికి ఉరికాడు. ఏం కావాలి నాయనా?"

బహ్‌గత్ గొంతు సవరించుకున్నాడు. "ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా. మీవాడు డాబా మీద, మీకు తెలియకుండా..."

"ఆవిరి పీలుస్తున్నాడు. అంతేగా?"

"మీకు తెలుసా!"

"ముక్కు లేదనుకున్నావా నాకు? ఇదివరకు మెట్ల నిండా సిగరెట్టు కంపు. పది రోజులుగా లేదు. అల్లా దయ. అందుకే మెట్లెక్కేటప్పుడు గట్టిగా దగ్గుతాను, దాచుకునే వ్యవధి ఇద్దామని. నాకు తెలుసని వాడికి చెప్పకు, భయం పోతుంది."

బహ్‌గత్‌కి ఒళ్ళు మండింది. "ఏం తల్లివమ్మా నువ్వు! తెలిసీ ఊరుకుంటావా? బడికెళ్ళాల్సిన పిల్లాడు!"



"బడికా? వాడు హెడ్మాస్టరుగా రిటైరై మూడేళ్ళయింది నాయనా, ఇంకా ఎన్నాళ్ళు వెళ్ళమంటావు?"