సూరమ్మ పాట

మా బ్యాండు మేళానికి ఒక పద్ధతి ఉంది. పోయిన మనిషికి ఆ ఏడాది బాగా నచ్చిన పాట వాయించాకే పాడె లేపుతాం. ముప్పై ఏళ్లుగా ప్రతి ఇంట్లోనూ ఆ పాటేదో అడిగేవాణ్ణి నేనే.

ఇప్పుడు అందరి చెవుల్లోనూ పాటలు వినిపించే పూసలున్నాయి. ఎవరి మనసుకు తగ్గ పాటలు వాళ్లకే పుడతాయి. పక్కవాళ్లకు వినపడవు. మనిషి పోతే పూస చల్లబడి, పాటలూ పోతాయి. బతికుండగా ఇంట్లోవాళ్లకు పాడి చెప్పినవే మిగులుతాయి.

మొన్న మా ఆవిడ సూరమ్మ పోయింది. క్లారినెట్ వాయించే దాలయ్య పాడె పక్కన నిలబడి అడిగాడు.

“మావా, అత్తకి ఈ ఏడు ఏ పాట నచ్చిందో సెప్పు.”

“నాకు తెల్దురా.”

“ఊరందర్నీ అడిగినోడివి, ఇంట్లో మనిషిని అడగలేదేటి?”

అడగలేదు. ఏడాది చివర్న పూస నచ్చిన పాటల జాబితా చదువుతుంది. ఈసారి అది చదివిన రోజు సూరమ్మ నవ్వుతూ నా వైపు తిరిగి, “మొదటి పాటేటో సెప్తానుండు” అంది. నా చెవిలో నా పాట వస్తోంది. చెయ్యెత్తి ఆగమన్నాను. పాట అయ్యేసరికి ఆమె లేచి పొయ్యి దగ్గరకు పోయింది.

ఒక్కటే గుర్తుంది. బియ్యం చెరిగేటప్పుడు ఆమె వేలు చాట మీద దరువేసేది. డప్పు తగిలించుకుని ఆ దరువే కొట్టాను. దాలయ్య క్లారినెట్ నోటి దగ్గర పెట్టుకుని, రాగం కోసం నా వైపు చూసి చూసి దించేశాడు.

ఉత్త దరువుతోనే వల్లకాటికి నడిచాం. వెనక వచ్చేవాళ్లు ఎవరి పూస వాళ్లు వింటున్నారు. ఒక్కరి అడుగు కూడా దరువుకు పడలేదు.