కుర్చీ కోసం రిహార్సలు

“మళ్లీ నవ్వావు!” మాస్టారు చేతికర్రతో నేలను టకటకలాడించారు. “ఒళ్లంతా నొప్పులని చెప్పుకునే మనిషి పళ్లికిలిస్తే డాక్టరు ఏమనుకుంటాడు? వెనక్కెళ్లు. తలుపు దగ్గర్నుంచి మళ్లీ నడిచిరా.”

“నవ్వడం మా ఉద్యోగం మావయ్యా. అలవాటైపోయింది,” అంటూ మేనకోడలు వెనక్కి వెళ్లింది.

మంచాన్ని గోడవారకు జరిపి ఆ గదినే స్టేజీ చేసేశారు మాస్టారు. ముప్పై ఏళ్లు నాటకాలు ఆడి, ఆడించి, ఇప్పుడు పిలిచే నాథుడు లేక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న మనిషి ఆయన. ఇన్నాళ్లకు ఒక శిష్యురాలు దొరికింది. అదీ దొంగపాఠానికి.

సంగతి ఏమిటంటే, మేనకోడలు ఒక పెద్ద సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. తొమ్మిది గంటలు నిలబడే ఉండాలి, వచ్చిన ప్రతివాళ్లనీ నవ్వుతూ పలకరించాలి. కూర్చుని బిల్లు వేస్తే మర్యాదగా ఉండదని యాజమాన్యం కుర్చీలు ఎత్తించేసింది. కంపెనీ డాక్టరు సంతకం పెట్టిన కాగితం ఉంటేనే కుర్చీ. పోయిన ఏడాది ఆమె పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది. ఈసారీ తిరిగొస్తే ఉద్యోగం మానేయడమేనని అంటోంది.

“దానికి ఒళ్లొంగదురా. సెలవొస్తే మంచం దిగదు. నువ్వింకా దొంగవేషాలు నేర్పి చెడగొట్టకు,” అని అక్క ఫోన్లో ముందే హెచ్చరించింది. కానీ చిన్నప్పటినుంచీ మావయ్యా మావయ్యా అంటూ వెంట తిరిగిన పిల్ల. కాదనడానికి మాస్టారికి నోరు రాలేదు.

“ఇంతకీ ఆ జబ్బు పేరేంటన్నావ్?”

“ఫైబ్రోమయాల్జియా.”

“నోరు తిరగట్లేదే! ఏమవుతుంది అదొస్తే?”

“ఒళ్లంతా నొప్పులు. ఇవాళ భుజాలైతే రేపు నడుము. రాత్రంతా పడుకున్నా పొద్దున లేస్తే పడుకున్నట్టే ఉండదు. దువ్వెన పట్టుకుని చెయ్యెత్తాలంటే ఏడుపొస్తుంది. మాట్లాడుతుంటే మాట మర్చిపోతాం. రక్తపరీక్షలో, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు.”

“ఏమీ కనబడదా! భలే జబ్బు వెతికి పట్టుకున్నావే అమ్మడూ!” మాస్టారు నోరెళ్లబెట్టారు. “ఇంత చక్కగా బట్టీపట్టి మరి పోయినసారి ఎందుకు దొరికిపోయావు?”

“తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని, మామూలుగా వెళ్లాను. ‘నిక్షేపంలా ఉన్నావు కదమ్మా’ అన్నాడు.”

“అదీ సంగతి! వేషం లేకుండా స్టేజీ ఎక్కితే అంతే మరి.”

మూడు ఆదివారాలు నేర్పారు. కుర్చీ చెయ్యి పట్టుకుని ఆగి ఆగి ఎలా కూలబడాలో, జవాబు చెప్పేముందు ఎంతసేపు కళ్లు మూసుకోవాలో, మూలుగు గొంతులోంచి కాక కడుపులోంచి ఎలా తేవాలో అన్నీ చేసి చూపించారు. పిల్లకు ఒక్కటీ అబ్బలేదు. మూలగమంటే బిల్లు చదివినట్టు మూలిగేది. పైగా గంట గడిస్తే చాలు, “ఇవాళ్టికి ఆపేద్దాం మావయ్యా,” అనేది. మూడో ఆదివారమైతే పాఠం మధ్యలో చాప కూడా లేని నేలమీద వెల్లకిలా పడుకుండిపోయింది. మాస్టారికి ఒళ్లు మండింది.

“మీ అమ్మ అన్నది నిజమే! అబద్ధం ఆడడానిక్కూడా బద్ధకమేనా నీకు? నిజంగా ఆ జబ్బుతో అవస్థపడేవాళ్లు నిన్నిలా చూశారంటే వాళ్ల ఉసురు తగుల్తుంది!”

ఆమె పైకప్పు వంక చూస్తూ నవ్వింది. “ఆ మూలుగు ఇంకోసారి చెప్పు మావయ్యా. నేర్చుకుంటా.”

పరీక్ష రోజున మాస్టారు కూడా తోడు వెళ్లారు. పిల్ల జుట్టు రేగి ఉంది, బట్టలు నలిగి ఉన్నాయి. వేషం వరకు ఆయనకు తృప్తిగానే ఉంది. డాక్టరు గదిలో మూల బల్లమీద కూర్చుని, శిష్యురాలి ప్రతి అడుగునూ ఊపిరి బిగబట్టి చూశారు. పిల్ల పరువు నిలబెట్టింది. కుర్చీ చెయ్యి పట్టుకుంది, ఆగింది, కూలబడింది. మూలుగు కడుపులోంచే వచ్చింది. డాక్టరు ఏదో రాసుకున్నాడు. మాస్టారికి చప్పట్లు కొట్టాలనిపించింది.

అప్పుడు డాక్టరు లేచి ఆమె వెనక్కి వెళ్లి, మెడకూ భుజానికీ మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

“ఇక్కడ ఎలా ఉందమ్మా?”

ఆమె నవ్వింది. కౌంటర్ దగ్గర నవ్వే నవ్వే అది.

డాక్టరు ముందుకు వంగి ఆమె మొహం చూడబోయేలోగా మాస్టారు గదంతా అదిరేలా దగ్గారు. ఆమె ఉలిక్కిపడి, నవ్వు మింగేసి, నేర్పింది నేర్పినట్టు “అమ్మా!” అని అరిచింది.

“సరే సరే. ఇంత బాధ ఉంటే పోయినసారే చెప్పాల్సింది,” అని డాక్టరు నొచ్చుకుని సంతకం పెట్టాడు. “ఆరునెలలు కూర్చుని పనిచేసుకో. తర్వాత మళ్లీ వచ్చి కనబడు.”

బయటికొచ్చి నాలుగడుగులు వేశారో లేదో మాస్టారు విరుచుకుపడ్డారు.

“కొంప ముంచేదానివి కదే! నేను దగ్గబట్టి సరిపోయింది! మూడువారాలు గొంతు చించుకుని నేర్పాను. అంత గట్టిగా నొక్కితే నవ్వేదెవరే? అసలెందుకొచ్చింది నీకా నవ్వు?”

ఆమె గోడకు ఆనుకుని, కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

“నిజంగా నొప్పి పుడితే నాకొచ్చేది ఆ నవ్వే మావయ్యా.”