ఎవరిది వాళ్లే చదవాలి

"ముందు నువ్వు చదువు," అన్నాడు వ్యాన్ డ్రైవరు భార్యతో.

"ప్రతి ఏడూ మొదలుపెట్టేది మీరేగా! ఈసారి ఏంటి కొత్తగా?"

"ఊరికే. ఆడవాళ్లకి మర్యాద ఇద్దామని."

"ఇన్నేళ్లకి గుర్తొచ్చిందన్నమాట!" అంటూ ఆమె తన కవరు చింపింది.

అది ఏడాది ఆఖరి మధ్యాహ్నం. ఏటా ఆ రోజు భోజనాలయ్యాక ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుంటారు. కిందటేడు రాసి కవర్లలో పెట్టి అతికించిన లక్ష్యాలు పైకి చదివి, ఏవి అయ్యాయో ఏవి కాలేదో చూసుకుంటారు. ఆ తర్వాత వచ్చే ఏటివి రాస్తారు. కూతురు బడికెళ్లే రోజుల్లో పెట్టిన రూలు ఇది. ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నా ఈ ఒక్కరోజుకీ తప్పకుండా వస్తుంది.

భార్య తనవి గబగబా చదివేసింది. "మూడింట్లో రెండు అయ్యాయి. మోకాళ్ల నొప్పి తగ్గించుకోవడం మాత్రం నా చేతిలో లేదు," అని నవ్వింది.

డ్రైవరు నవ్వలేదు. ఆయన పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. కుళాయి, స్కూటరు, వ్యాను. కుళాయి, స్కూటరు, వ్యాను.

ఆరు నెలల నుంచి ఆయన చూపుకి నడిమధ్యలో మసక. ఎదురుగా నిలబడ్డ మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఇక అక్షరాలైతే వట్టి మబ్బే. ఎవరికీ చెప్పలేదు. ఇరవై రెండేళ్లుగా అదే దారిలో బడిపిల్లల్ని తిప్పుతున్నాడు. మలుపులన్నీ చేతులకే తెలుసని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. వ్యాను లేకపోతే పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు. కానీ పోయిన వారం బడి గేటు దగ్గర ఓ చిన్నపిల్ల ఎదురుగా దాటుతుంటే, ఎవరో కేకేసేదాకా కాలు బ్రేకు మీదికి పోలేదు. పిల్లకేమీ కాలేదు. ఆయనకే అప్పట్నుంచి అన్నం సయించడం లేదు.

ఈ రోజు వస్తుందని తెలిసి, కిందటేడు రాసిన మూడు మాటలూ గుర్తు చేసుకుని, మూడు రోజులుగా స్నానాలగదిలో వల్లె వేస్తున్నాడు.

"నాన్నా, నీ వంతు." కూతురు కవరు చింపి, కాగితం చేతికిచ్చింది.

"నువ్వే చదివెయ్యరాదూ?"

"రూలు రూలే. ఎవరిది వాళ్లే చదవాలి."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. కాగితాన్ని మరీ దగ్గరా కాకుండా, మరీ దూరమూ కాకుండా పట్టుకుని, తల ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పాడు.

"ఒకటి. వంటింటి కుళాయి నేనే బాగుచెయ్యాలి."

"అయింది," అంది భార్య. అంటూనే ఆ కాగితం వైపు వంగింది.

"రెండు. మీ అమ్మకి స్కూటరు నేర్పాలి. ఇదిగో, ఇక్కడేదో కొట్టేశాను. నా రాత నాకే అర్థమై చావట్లేదు!"

అప్పటికప్పుడు ఆ ముక్క తోచినందుకు లోపల్లోపల మురిసిపోయాడు. ఎవరూ నవ్వలేదు.

"మూడోది?" అంది కూతురు.

"వ్యాను మీద గీత కూడా పడకుండా పిల్లల్ని క్షేమంగా దింపాలి. పడలేదుగా? అదీ అయిపోయింది!" కాగితం పట్టుకున్న చేతిని బల్ల మీద ఆనించి, హమ్మయ్య అనుకున్నాడు.

"వచ్చే ఏటికి ఏం రాద్దాం నాన్నా?"

"నేను చెప్తా, నువ్వు రాయి. ఇంకొక్క ఏడాది వ్యాను నడపాలి. ఆ పైన మానేస్తా."

"నడపగలవా?"

"భలేదానివే! ఇంత సన్న అక్షరాలు గడగడా చదివినవాడికి రోడ్డు కనపడదా?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. భార్య వెనక నుంచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమైందే?" అన్నాడాయన. "తప్పేమన్నా చదివానా?"

కిందటేడు ఆయన రాసిన కాగితం కూతురి ఒళ్లో ఉంది. ఆయన చేతిలో ఉన్నది ఉత్త తెల్లకాగితం.